గండాలు మింగిన చేపలు

ఆ రోజు గొడవ టీ జల్లెడ దగ్గర మొదలైంది.

తెల్లారేసరికి గాజుతొట్టిలో ఇంకో చేప వెల్లకిలా తేలింది. చచ్చిన చేపను తీయడానికి తొట్టితో పాటు ఇచ్చిన చిన్న వల ఇంట్లోనే ఎక్కడో ఉంది. ఎక్కడుందో రామ్మోహనరావుకి తెలీదు. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో ఆయనకి తెలీదు, తెలుసుకోవలసిన పని తనదని ఎన్నడూ అనుకోలేదు. చేతికి టీ జల్లెడ అందింది. దాంతో చేపను తోడి, బాల్కనీలోని కరివేపాకు కుండీలో పడేసి, జల్లెడకి పంపునీళ్ళు ఒకసారి చూపించి, మళ్ళీ మేకుకి తగిలించేశాడు. ఆపైన తన పనేదో పూర్తయినవాడిలా పేపరు తీసుకుని కూచున్నాడు.

శేషారత్నం వంటింట్లోంచి ఇదంతా చూసింది. జల్లెడ తీసి చెత్తబుట్టలో వేసింది. ఆ పూట టీ పెట్టలేదు.

ఎంతసేపటికీ కప్పు రాకపోయేసరికి ఆయన కేకేశాడు. జల్లెడ లేదందావిడ. మేకుకే ఉందిగా అన్నాడు. చేపలకి ఉంది, మనుషులకి లేదంది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"కడిగే పెట్టానుగా. నీళ్ళతో కడిగాక ఇంకా ఏముంటుంది దానికి? నీళ్ళ సంగతి నాకు చెబుతావా?"

ఈ మాట ఆయన నోట వారానికి ఒకసారైనా వస్తుంది. రామ్మోహనరావు ముప్పై ఏళ్ళకి పైగా రాణీగంజ్‌లో మోటార్లూ పైపులూ అమ్మాడు. కొట్టు ఎత్తేసి మెట్టుగూడ ఇంట్లో స్థిరపడ్డాక కూడా, ఊళ్ళో నీళ్ళన్నీ తన చేతుల మీదుగానే పారుతున్నాయన్న ధీమా ఆయనకి పోలేదు. మోటారు అమ్మినవాడికి నీళ్ళ గుణం తెలుస్తుందనుకుంటే, పలకలమ్మినవాడికి చదువు వచ్చి ఉండాలి కదా అనుకుంది శేషారత్నం. పైకి అనలేదు.

కొడుకు దుర్గేష్ తన గదిలోంచి మెడలో హెడ్‌ఫోను వేలాడదీసుకుని వచ్చి, ఇంతోటి దానికి గొడవెందుకని ఫోన్లో ఏదో నొక్కాడు. పది నిమిషాల్లో కొత్త జల్లెడ గుమ్మం ముందుకి వచ్చింది. ఆ ఇంట్లో ఏ చిక్కుకైనా దుర్గేష్ దగ్గర ఉన్న విరుగుడు అదొక్కటే. చేపలెందుకు చస్తున్నాయో మటుకు ఎవరూ పది నిమిషాల్లో తెచ్చి ఇవ్వలేకపోయారు.

తండ్రి డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆ తొట్టి కొనిచ్చిందీ దుర్గేషే. హాల్లో ఈశాన్యం మూల నీళ్ళు కదులుతూ ఉండాలని వాస్తు చూసే ఆయనెవరో చెప్పాడట. బంగారు రంగు చేపలు, నల్ల మోలీ చేపలు, అద్దాన్ని పట్టుకుని పాకే పసుపుపచ్చ నత్తలు, అడుగున రంగురాళ్ళు, మధ్యలో నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి. తొట్టి పెట్టించి వెళుతూ వాస్తాయన గుమ్మం దగ్గర ఆగి మరో మాట కూడా చెప్పాడు. చేప చచ్చిపోతే దిగులు పడొద్దు, ఇంటి మీదికి రాబోయే గండాన్ని అది మింగి పోయిందన్నమాట, అని.

మొదటి చేప చచ్చినప్పుడు రామ్మోహనరావు నిజంగానే సంబరపడ్డాడు. బంధువులందరికీ ఫోను చేసి, గండం గడిచిందని చెప్పాడు. రెండోది పోతే ఇంకా పెద్ద గండమే గడిచిందన్నాడు. వారం వారం చేపలు పోతూంటే, దుకాణంలోంచి కొత్తవి వస్తూంటే, వేళకి తిని వేళకి పడుకునే ఈ నలుగురి కోసం ఇన్ని గండాలు వీధిలో వరస కట్టి నిలబడ్డాయా అని శేషారత్నానికి అనుమానం వచ్చింది. ఒకసారి ఆ మాటే అడిగింది. నీకు నమ్మకం లేకే ఇలా అవుతోందన్నాడాయన. అంటే అప్పటిదాకా మంచి శకునమైన చావు, ఆ పూట నించీ ఆవిడ తప్పయింది.

గండాల లెక్క తనకే మరీ ఎక్కువనిపించాక ఆయన జబ్బుల మీదికి వచ్చాడు. ఇంట్లో ప్రతివాళ్ళూ వైద్యులయ్యారు. దుర్గేష్ వీడియోలు చూసి, ప్రాణవాయువు చాలడంలేదని తేల్చి, రెండో గాలిగొట్టం పెట్టించాడు. నీళ్ళు సాంబారులా తెర్లడం మొదలుపెట్టాయి. మొసలి ఒక పక్కకి ఒరిగిపోయింది. చేపలు మటుకు చస్తూనే ఉన్నాయి. కోడలు మాధురి ఫొటోలు తీసి, చేపలు పెంచేవాళ్ళ గ్రూపులో పెట్టింది. గ్రూపులో ఎందరున్నారో అన్ని జబ్బులు బయటపడ్డాయి. ఎవరో పచ్చిబఠాణీ ఉడికించి తొక్క తీసి పెట్టమంటే, ఆ పిల్ల ఒక పూటంతా కూచుని ఒక్కొక్క గింజకీ తొక్క ఒలిచింది. ఈ ఇంటికి వచ్చిన నాటి నించీ మాధురి వెల్లుల్లి రెబ్బ ఒలవడం శేషారత్నం ఎరగదు.

చేపల దుకాణం తుకారాం కూడా ఒకసారి ఇంటికి వచ్చి చూశాడు. తొట్టి ముందు గొంతుక్కూచుని, చేపల్ని కాకుండా తొట్టి ఎంత పెద్దదో చూసి, సంచీలోంచి నీలం మందు సీసా తీశాడు.

"పరేషాన్ గాకుండ్రి సార్. గిది రోజు నాలుగు చుక్కలు ఎయ్యుండ్రి, తక్లీఫే ఉండది. ఉంటే కొత్త చేపలు నా దగ్గర ఉన్నయ్ కద."

ఆ మందుకి నీళ్ళు బట్టల నీలిమందులా తయారయ్యాయి. వాటిలో చచ్చిన చేప కనపడ్డానికి మరికాస్త ఆలస్యమయ్యేది, అంతే తేడా.

వీళ్ళలో ఎవరూ శేషారత్నాన్ని ఒక మాట అడగలేదు. ఆవిడ ఆకివీడు దగ్గర చేపలచెరువుల మధ్య పుట్టింది. తండ్రి చెరువులు చేసేవాడు, ఇప్పుడు తమ్ముడు చేస్తున్నాడు. ఆవిడ రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివింది. రామ్మోహనరావు అసలు ఆ ఇంటికి మొదట వచ్చిందే చెరువుకి మోటారు బిగించడానికి. పెళ్ళయ్యాక ఈ సంగతులన్నీ ఆయన మనసులో, పెళ్ళికూతురి తరఫు నించి వచ్చిన ఇత్తడి సామానుతో పాటు, అటక మీదికి చేరిపోయాయి.

జ్యేష్ఠమాసంలో అందరూ అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుని వద్దామనుకున్నారు. చేపలకి మేత వెయ్యమని కింద వాటాలో అద్దెకుంటున్న మార్తకి తాళంచెవి ఇచ్చారు. మార్త మిషన్ బడిలో లెక్కల టీచరు. తల్లి మేబెల్‌తో ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంటోంది. ముసలావిడకి పోయిన ఏడాది తుంటి ఎముక విరిగి ఆపరేషనయింది. నాలుగు కాళ్ళ చేతికర్ర పట్టుకుని, వాకిట్లో సన్నజాజి పందిరి దాకా నడిచి మళ్ళీ వెనక్కి వస్తుంది. మెట్లు ఎక్కడం ఇక ఆవిడ వల్ల కాదని డాక్టర్లు చెప్పేశారు.

అన్నవరం నించి వచ్చేసరికి చేపలన్నీ హాయిగా ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. మోలీలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. రామ్మోహనరావు చూశాడు, సంతోషించాడు, అంతలోనే బయటివాళ్ళ చెయ్యి పడిన నీళ్ళు కదా అని, తొట్టిలో సగం తోడించి కొత్త నీళ్ళు పోశాడు. మూడో రోజుకల్లా బంగారుచేపల్లో మూడు పైకి తేలాయి.

ఆయన వాస్తాయనకి ఫోను చేశాడు. మీరు లేనప్పుడు వేరేవాళ్ళ చెయ్యేమైనా పడిందా అని ఆయన అడిగాడు. పడిందన్నాడీయన. అవతల నించి కాసేపు మాటలేదట. ఆ మాటలేకపోవడమే తీర్పయిపోయింది.

"ఆవిడ మేత వేసినన్నాళ్ళూ ఒక్కటీ చావలేదుగా," అంది శేషారత్నం.

"విషం వెంటనే పనిచేస్తుందా ఏమిటి? లోపలికి దిగాక చూపిస్తుంది."

"మేతలో విషముందంటారా?"

"మేతలో కాదు. చేతిలో. కొందరి చెయ్యి అంతే. నేనేం ఆవిణ్ణి తప్పు పట్టడం లేదు."

తప్పు పట్టకుండానే ఆయన ఆ సాయంత్రం కిందకి దిగి వెళ్ళి, నెలాఖరుకి వాటా ఖాళీ చెయ్యమన్నాడు. దుర్గేష్‌కి ఆఫీసు గది కావాలని చెప్పాడట. తనకి ఆఫీసు గది కావాలన్న సంగతి దుర్గేష్‌కి భోజనాల దగ్గర తెలిసింది. సరేలే నాన్నా అన్నాడు. మాధురి ఫోనులోంచి తలెత్తి, కింద ఇంటర్నెట్టు వస్తుందో లేదో అంది. పైకి వచ్చేముందు రామ్మోహనరావు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కూడా కట్టించాడు. ఒకవేళ మార్త చెయ్యి కాకపోతే ఇదైనా పనిచేస్తుందన్న ముందుచూపు అది.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున పూలు తెంపుకుని లోపలికి వస్తూ శేషారత్నం తొట్టి ముందు ఆగింది. చచ్చినవాటి సంగతి అందరూ చూశారు కాబట్టి, ఆవిడ మిగిలిన వాటిని చూసింది. నత్తలు లేవు. చేపలకన్నా ముందు పోయింది అవే. అద్దం వదిలేసి అడుక్కి రాలిపోతే, నత్తలకి గండం ఉండదన్నట్టు ఎవరూ వాటిని లెక్క చెయ్యలేదు. అద్దం శుభ్రంగా ఉంది. మొదట్లో అద్దానికి సన్నగా ఆకుపచ్చ నాచు పట్టేది, మాధురి బ్రష్షు పెట్టి రుద్దుతానంటూ ఎప్పుడూ రుద్దేది కాదు. ఇప్పుడు ఎవరూ రుద్దకుండానే నాచు పోయింది. తన నీళ్ళ మహిమ అని రామ్మోహనరావు చుట్టాలందరికీ ఆ అద్దం చూపించాడు కూడా.

నాచునీ నత్తనీ కలిపి చంపేది ఏమిటో ఆకివీడులో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చెరువులో నాచు పెరిగిపోతే తండ్రి మైలుతుత్తం గోనెగుడ్డలో మూటకట్టి, దోనె వెనకాల నీళ్ళలో ఈడ్పించేవాడు. ఆ పని జీతగాళ్ళ కొదిలెయ్యకుండా తనే గట్టు మీద నిలబడి చూసేవాడు. రవ్వంత ఎక్కువైతే చేపలు తేలిపోతాయని ఆయన భయం. మైలుతుత్తమంటే రాగి. కాలేజీలో ఆ నీలి స్ఫటికాలతో ఆవిడ పరీక్షనాళికలు ఎన్ని నింపిందో.

తల తిప్పి వంటింట్లోకి చూసింది. పీట మీద రాగి బిందె తళతళలాడుతోంది.

రామ్మోహనరావు పదేళ్ళుగా పొద్దున్నే రాగి చెంబులో నీళ్ళు తాగుతున్నాడు. తొట్టి వచ్చాక, మనం తాగే నీళ్ళకన్నా మంచివి ఇంకేముంటాయని, చేపలకీ అవే అన్నాడు. బోరు నీళ్ళు ఉప్పనీ, పంపులో వచ్చే మంజీరా నీళ్ళు మందు వాసననీ పక్కన పెట్టాడు. తాగేనీళ్ళ మిషన్లో వడకట్టిన నీళ్ళు శనివారం పొద్దున బిందెలో నింపి, ఒక రాత్రి నిలవ ఉంచి, ఆదివారం పొద్దున స్నానం చేసి వచ్చి మరీ తొట్టిలో పోస్తాడు. అభిషేకం చేస్తున్నట్టు సన్నటి ధారగా పోస్తాడు. వారం వారం ఆ బిందెకి చింతపండు పట్టించి తోమేది శేషారత్నమే. తోమిన రాగి మీదికి, ఉప్పూ సున్నమూ ఏమీ లేకుండా వడకట్టేసిన ఖాళీ నీళ్ళు పోస్తే అవి ఊరుకుంటాయా? దేన్ని తాకితే దాన్ని కొంచెం కొరుక్కుంటాయి. అన్నవరంలో ఉన్న ఆదివారం ఎవరూ బిందె ముట్టలేదు, చేపలూ చావలేదు. తిరిగి వచ్చి, వెళ్ళేముందు నింపి ఉంచిన బిందే, ఆపైన మరో బిందే కుమ్మరించాడు. మూడు పోయాయి.

రాగిగిన్నెలో పెరుగు తోడు వెయ్యకూడదని, కళాయి లేకుండా చారు కాచకూడదని ఆ ఇంట్లో పనిపిల్లకి కూడా తెలుసు. ఆ తెలివిని గాజుతొట్టి దాకా నాలుగడుగులు నడిపించడం మాత్రం పంపుసెట్ల నిపుణుడికీ, కంప్యూటరు చదువులవాళ్ళిద్దరికీ చేతకాలేదు. వారం వారం బిందె తోముతూ తనకీ ఇంతకాలం తట్టలేదన్నది ఇంకొంచెం చేదుగా ఉంది. ఆ చేదు ఎక్కువసేపు నాలిక మీద ఉండనివ్వలేదు.

ఇక మిగిలింది ఆయనకి చెప్పడం. శేషారత్నం చెప్పలేదు.

ఆ ఇంట్లో ఆవిడ పద్ధతి అది. ఆయనకి ఒక సంగతి చెబితే మూడు రోజుల వాదన, వారం రోజుల అలక, చివరికి ఆ సంగతి అలాగే ఉండిపోవడం. చెప్పకుండా సరిచేస్తే పని జరిగిపోతుంది. నాలుగేళ్ళ క్రితం ఆయనకి రక్తపోటు ఎక్కువని డాక్టరు ఉప్పు తగ్గించమంటే, ఉప్పు తగ్గిస్తే కూడు గడ్డి అవుతుందని ఈయన ఎగిరాడు. ఆవిడ ఒక్క మాటనకుండా రోజుకి చిటికెడు చొప్పున తగ్గించుకుంటూ వచ్చింది. రక్తపోటు దిగింది. రాగిచెంబు నీళ్ళ వల్ల దిగిందని ఆయన పార్కులో నడిచేవాళ్ళందరికీ చెప్పి, వాళ్ళచేత కూడా చెంబులు కొనిపించాడు. ఆవిడ నవ్వుకుని ఊరుకుంది. పని జరిగితే పేరెవరిదైతేనేం అనుకునేది అప్పుడు.

ఇదీ అలాగే సరిచేసింది. మిగిలిన నీళ్ళని రోజుకొక చెంబు చొప్పున తోడేసి, బకెట్లో తేర్చి పెట్టిన బోరు నీళ్ళు పోసింది. ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళగానే బిందె సింకులో వొంపేసి, తేరిన బోరు నీళ్ళతోనే నింపి పీట మీద పెట్టింది. ఆయన తడి తలతో వచ్చి, కళ్ళు అరమోడ్చి, ధారగా పోశాడు.

ఆ వారం ఒక్క చేపా చావలేదు. తర్వాతి వారమూ చావలేదు. అద్దం మీద మళ్ళీ సన్నగా పచ్చదనం పట్టింది. రెండు మోలీలూ, ఒక పెద్ద బంగారుచేపా మిగిలాయి, మేతకి ఎగబడుతున్నాయి.

రామ్మోహనరావు ఒకరోజు తొట్టి ముందు కుర్చీ వేయించుకుని చాలాసేపు చూశాడు. చూసి, తొడ మీద చరుచుకున్నాడు.

"చూశావా? ఖాళీ చెయ్యమన్న రోజు నించీ ఒక్కటి పోయిందా? ఆవిడ ఇంకా వెళ్ళనైనా లేదు. వెళ్ళమన్న మాటకే ఇంత గుణముంటే, వెళ్ళిపోయాక చూడు."

కూర తరుగుతున్న శేషారత్నం కత్తిపీట పక్కకి వాల్చింది. ఇన్నాళ్ళ తెలివీ ఎక్కడికొచ్చి నిలబడిందో కనపడింది. ఉప్పు తగ్గించినప్పుడు రాగిచెంబుకి పేరొచ్చింది, ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు తను చేపల్ని బతికిస్తే, అది మార్త మీద సాక్ష్యమైంది. గుమ్మడికాయ, వాస్తాయన, వెళ్ళమన్న మాట, వీటన్నిటినీ నిజం చేసింది తను పోసిన బోరు నీళ్ళు.

ఆ శనివారం బడి నించి వస్తూ మార్త నేరుగా పైకి వచ్చింది. చెప్పుల దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే, ఫరవాలేదండీ అంది. మౌలాలిలో ఒక వాటా దొరికిందని చెప్పింది. రెండో అంతస్తు. లిఫ్టు లేదు. అమ్మను కుర్చీలో కూచోబెట్టి నలుగురు పట్టుకుని ఎక్కించాలి, ఎక్కించాక ఇక కిందకి దిగడమంటూ ఉండదు, కిటికీ దగ్గర మంచం వేస్తాను, అంది. అది ఫిర్యాదులా చెప్పలేదు. పిల్లలకి లెక్క వివరించినట్టు అంచెలంచెలుగా చెప్పింది. రేపు చర్చి అయ్యాక వెళ్ళి వాళ్ళకి మాట ఇచ్చి వస్తానంది. వెళ్ళబోతూ ఆగింది.

"రత్నంగారూ, ఒకటి అడగనా? నేనేమైనా మేత ఎక్కువ వేశానా? అమ్మ రోజూ అడుగుతోంది, పాపం మూగజీవాల్ని చంపుకున్నావా మార్తా అని. మీరు చెప్పినంతే, చిటికెడే వేశాను."

ఆఫీసు గది అబద్ధం వాకిలి దాటి ఎంతో దూరం పోలేదన్నమాట. గుమ్మడికాయ కట్టినవాడికో, పనిపిల్లకో రామ్మోహనరావు అసలు కారణం చెప్పుకునే ఉంటాడు. తన చెయ్యి మంచిది కాదంటున్నారని తెలిసీ, తలుపు తట్టి అడగడానికి వచ్చింది ఈ మనిషి. శేషారత్నానికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీరు ఏమీ చెయ్యలేదు మార్తగారూ. అమ్మగారికి చెప్పండి. రేపు మౌలాలి వెళ్ళకండి. చర్చి నించి ఇంటికి రండి."

మార్త ఆవిడ మొహంలోకి చూసి, తలూపి దిగి వెళ్ళింది.

ఆదివారం పొద్దున రామ్మోహనరావు స్నానానికి వెళ్ళినప్పుడు శేషారత్నం బిందె జోలికి పోలేదు. ఆయన వచ్చి బిందె ఎత్తబోతుంటే, ఇవాళ్టికి భోజనాలప్పుడు పొయ్యండి, అందరూ ఉంటారు, చూసినట్టు ఉంటుంది, అంది. చూసేవాళ్ళుంటారన్న మాట ఆయనకి నచ్చింది. బిందెను తెచ్చి తొట్టి పక్కన పీట మీద తనే పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం నలుగురూ బల్ల చుట్టూ కూచున్నారు. పప్పు, దొండకాయ వేపుడు, చారు. రామ్మోహనరావు మంచి హుషారుగా ఉన్నాడు. పప్పులో నెయ్యి వేయించుకుంటూ, వాస్తాయనకి ఫోను చేశానని, ఆ వాటా ఖాళీ అయ్యాక పసుపునీళ్ళు చల్లించి, తొట్టిలో మళ్ళీ కొత్త చేపలు వెయ్యమన్నాడని చెప్పాడు. దుర్గేష్ తలూపాడు. కింద గోడలకి ఏ రంగు వెయ్యాలో మాధురి ఫోన్లో చూపించింది. వాళ్ళు మాట్లాడుతున్న ఆ గోడల మధ్య ఆ నిమిషంలో ముసలావిడ అన్నం తింటోందన్నది ఎవరికీ పట్టలేదు.

"ఇప్పుడు పొయ్యండి," అంది శేషారత్నం.

"తింటున్నానుగా."

"చెయ్యి కడుక్కుని పోసి వచ్చి తినండి. దానికి ముందు ఒక మాట వినండి. మూడు వారాల నించీ మీరు తొట్టిలో పోస్తున్నవి రాగి నీళ్ళు కావు. మీరు స్నానంలో ఉండగా బిందె వొంపేసి, బోరు నీళ్ళు నింపి పెడుతున్నాను. అందుకే చేపలు చావలేదు. ఇవాళ మటుకు ఆ బిందెలో ఉన్నవి మీ నీళ్ళే, నేను ముట్టలేదు."

రామ్మోహనరావు నవ్వడానికి ప్రయత్నించాడు.

"రాగి నీళ్ళకి చావడమేమిటి? పదేళ్ళుగా తాగుతున్నాను. నాకేమైంది?"

"మీరు చెంబుడు తాగి, వెళ్ళి పేపరు చదువుకుంటారు. అవి రాత్రింబగళ్ళు అందులోనే ఉండి, దాన్నే పీల్చాలి. మా నాన్న చెరువులో నాచుకి మైలుతుత్తం వేయించేవాడు, మీరు గట్టు మీద నిలబడి చూసిన మనిషే. ముందు నత్తలు పోయాయి, తర్వాత నాచు పోయింది, తర్వాత చేపలు. వరస అదే."

"అదీ ఇదీ ఒకటి కాదు. ఏదో కాకతాళీయం."

"అయితే పొయ్యండి. రేపు పొద్దుటికి ఆ మూడూ ఈదుతూ ఉంటే, నేనే కిందకి వెళ్ళి మార్తగారి సామాను దగ్గరుండి సర్దిస్తాను."

నాన్నా వదిలెయ్యండి అని దుర్గేష్ గొణిగాడు. అత్తయ్యగారు గ్రూపులో అడిగి ఉంటే బావుండేదని మాధురి అంది.

రామ్మోహనరావు లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. అంతమంది ముందు కూచుండిపోవడం ఆయనకి ఎలాగూ చేతకాదు. బిందె మెడ పట్టుకుని పైకెత్తాడు. మేత వేసే మనిషి దగ్గరికి వచ్చాడని, పెద్ద బంగారుచేప అద్దం దాకా ఈదుకుంటూ వచ్చి, పైకి లేచి, నోరు తెరుస్తూ మూస్తూ నిలబడింది. ఆయన బిందె వొంచాడు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. అలా ఎంతసేపు నిలబడతాడో చూద్దామని శేషారత్నం కళ్ళు తిప్పలేదు.

ఆయన బిందె దించి పీట మీద పెట్టాడు.

"నడుం పట్టేసింది," అన్నాడు.

నడుం పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూచున్నాడు. ఆయన నడుం ఇంత సమయం చూసి ఎప్పుడూ పట్టలేదు. చారు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దకి మొహంలో మళ్ళీ పెద్దరికం వచ్చింది.

"ఎలాగూ ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో ఇల్లు మారమనకూడదు. శ్రావణం దాకా ఉండమను. తర్వాత చూద్దాం."

నేను వెళ్ళి చెప్తాలే అని దుర్గేష్ లేవబోయాడు. శేషారత్నం వాడి వైపు ఒకసారి చూసింది. వాడు దొండకాయ ముక్కల మీదికి తల వంచుకున్నాడు.

"ఆషాఢమూ కాదు, శ్రావణమూ కాదు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెరుగు గిన్నె తన వైపుకి జరుపుకుని, మీద మూత పెట్టింది. "మార్తగారు వెళ్ళరు. వాళ్ళకి ఉండాలని ఉన్నన్నాళ్ళూ ఆ వాటా వాళ్ళదే. ఇది మిమ్మల్ని అడగడం లేదు, చెబుతున్నాను. ఆవిడ చర్చి నించి వచ్చే వేళయింది. చేపలు పోయింది ఆవిడ చెయ్యి వల్ల కాదు, నేను పోసిన రాగి నీళ్ళ వల్ల అని ఆ ముసలావిడ వినేటట్టు మీ నోటితో మీరే చెప్పి రండి. మీరు వచ్చాక అందరం పెరుగన్నం తిందాం."